వానలో వేటకు రెండు కంబళి కోట్లు

1937 మే నెలలో పెనుకొండ అటవీ రేంజి అధికారి నరసింగరావు గారు హిందూపురంలోని నా దుకాణానికి వచ్చి, వానాకాలంలో దట్టమైన అడవిలో వేటాడటానికి పనికివచ్చే దుస్తులు రెండు జతలు కావాలన్నారు. ఒక జత తనకు, ఇంకొకటి తన వెంట వచ్చే గార్డుకు. నా వృత్తిలో పెళ్లి సూట్లు, ప్లీడర్ల నల్లకోట్లు, పోలీసు దుస్తులు లెక్కలేనన్ని కుట్టాను. వాటిలో చాలా మటుకు మరచిపోయాను. ఈ రెండు జతలు మాత్రం ఎక్కడ ఏ కుట్టు వేశానో ఇప్పటికీ చెప్పగలను.

నేను పని నేర్చుకున్నది బెంగుళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, పటాలానికి బట్టలు కుట్టే ఒక పెద్ద దుకాణంలో. అలాంటి దుకాణాల్లో కచేరీలో ఉన్నట్టే హోదాలుంటాయి. కొత్తగా చేరినవాడు బొత్తాములు కుడతాడు, కాజాలు తీస్తాడు. కొన్నేళ్లకు మిషను మీద కూర్చోనిస్తారు. మనిషి కొలతలు తీసుకుని, గుడ్డ మీద సుద్దతో గీసి, కత్తెర పట్టేవాడు కటింగు మాస్టరు. కోసిన గుడ్డ మళ్లీ అతుక్కోదు కాబట్టి తప్పు జరిగితే జవాబు చెప్పవలసినవాడు అతనొక్కడే. ఆ హోదా వచ్చాకే నేను హిందూపురం తిరిగి వచ్చి బజారులో దుకాణం తెరిచాను. దర్జీ పనిలో ఏముంది, రెండు గుడ్డలు కలిపి కుట్టడమే కదా అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ల చొక్కాల చంకలు ఎప్పుడూ చిరిగే ఉంటాయి, వాళ్ల ఖర్మ.

రేంజరంటే ఒక రేంజి అడవికంతా అధికారి. ఆయన పైన జిల్లా ఫారెస్టు ఆఫీసరు, కింద ఫారెస్టర్లు, వాళ్ల కింద గార్డులు. అప్పట్లో మద్రాసు రాష్ట్రమంతా ఒకే శాఖ. మన అనంతపురం జిల్లావాడిని పడమటి సముద్రపు ఒడ్డుకు పంపినా పంపుతారు. దక్షిణ కన్నడ జిల్లాలో కనుమల దిగువన ఒక రేంజిలో పెద్దపులి ఒకటి పశువులను వదిలి మనుషుల మీద పడింది. అక్కడి రేంజరు వానలో మాటు కాసి కాసి, రొమ్ముకు చలి పట్టి, మంచాన పడ్డాడు. గురి తప్పని మనిషని పేరున్న నరసింగరావు గారిని ఆయన స్థానంలో కొన్ని నెలలు డెప్యుటేషను మీద వేశారు. జూన్ నెలలో, వానలు మొదలయ్యేలోపల చేరాలి.

"పులి సంగతి నేను చూసుకుంటాను మాస్టరూ. ఆ వాన సంగతి నువ్వు చూడు," అన్నారాయన. ఆ మాట తేలిగ్గానే అన్నారు కానీ ముఖంలో దిగులు కనిపించింది. ముందున్న రేంజరు మళ్లీ లేస్తాడో లేడో తెలియదని తర్వాత మెల్లగా చెప్పారు.

ఆయన వెంట వచ్చిన గార్డు పేరు చౌడప్ప. లోపలికి రమ్మన్నా రాకుండా గడప బైటే నిలబడ్డాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి బిడ్డ. అన్నదమ్ములు ముగ్గురికీ ఒక్క మగ్గం చాలక, గార్డు పనిలో చేరాడు. పెనుకొండ కొండల్లో పంది అడుగు చూసి అది ఎంత దూరం పోయి ఉంటుందో చెప్పగలడని రేంజరు గారు అతన్ని ఎంచుకున్నారు. తనకు కూడా కొలతలు తీసుకోమన్నారని వినగానే అతను కంగారుపడ్డాడు.

"నాకెందుకు సార్ కోటు? సర్కారోళ్లు ఇచ్చిన డ్రిల్లు కోటు ఉండాది గదా," అన్నాడు.

"వాన నీకొక రకంగా, నాకొక రకంగా కురవదు చౌడప్పా. ఇద్దరికీ ఒకటే గుడ్డ, ఒకటే కుట్టు," అన్నారు రేంజరు గారు. ఒక అధికారి తన గార్డు కోసం అలా అనడం నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాత కూడా పెద్దగా వినలేదు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

ఇక వాన. మా వైపు వాన పడితే జనం పనులు మాని గడపల్లోకి వచ్చి చూస్తారు. అలాంటి ఊరివాడిని, వానలో నెలల తరబడి బతకడానికి బట్టలు కుట్టమంటే నాకేం తెలుస్తుంది? రేంజరు గారిని కూర్చోబెట్టి అడిగాను. అక్కడ ఎండ నేలకు తగలదు. పొదలు రొమ్ము ఎత్తున ఉంటాయి, వాన లేనప్పుడు కూడా ఆకుల్లోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. జలగలు గడ్డి కొసల మీద నిలబడి కాచుకుంటాయి. మంచె మీద కూర్చుంటే దగ్గకూడదు, కదలకూడదు. పులికి ముక్కుకన్నా చెవులు చురుకు. ఇవన్నీ ఆయన చెబుతుంటే, ఆ దుస్తులు చేయవలసిన పని నాకు తెలిసివచ్చింది. అవి తడవకుండా ఉండలేవు. తడిసి కూడా ఒంటికి వెచ్చగా ఉండాలి. చప్పుడు చేయకూడదు.

మా ప్రాంతంలో వేటగాళ్లంతా కాకీ డ్రిల్లు వాడేవారు. బలుసు ముల్లు, పరికి ముల్లు దిగని మందపాటి నూలు గుడ్డ అది. ఎండు కొండల్లో దాన్ని మించింది లేదు. చెమట పడితే నిమిషంలో ఆరిపోతుంది. కానీ ఒక డ్రిల్లు నిక్కరును బాన నీళ్లలో ముంచి, పెరట్లో నీడకు ఆరేసి చూశాను. మే నెల ఎండాకాలంలో కూడా నీడన అది ఆరడానికి రెండు పూటలు పట్టింది. తడిసినప్పుడు బిగుసుకుని తొడలు రాసుకుంటుంది, నడిస్తే గరగరమంటుంది. అన్నిటికంటే ముఖ్యం, నూలు తడిస్తే ఒంట్లో వేడిని లాగేసుకుంటుంది. డ్రిల్లు వద్దన్నాను.

రేంజరు గారి దగ్గర రబ్బరు కోటు ఒకటి ఉంది, దాన్నీ చూశాను. వాన నీరు లోపలికి రాదు, నిజమే. ఒంటి చెమట బైటికి పోదు. కొండ ఎక్కితే లోపలినుంచే తడుస్తారు. పైగా పుల్ల తగిలితే చాలు, టపటపమంటుంది. మకాంలో అటూ ఇటూ తిరగడానికి పెట్టుకోండి, వేటకు మాత్రం వద్దు అని చెప్పాను.

మిగిలింది ఉన్ని. చిన్నప్పటినుంచి నేను చూస్తున్నదే, గొర్రెల వెంట తిరిగే కురుబలు వానలో కంబళి ముసుగు వేసుకుని నిలబడి ఉంటారు, కంబళి నీళ్లోడుతుంటుంది, లోపల మనిషి మాత్రం వణకడు. దండులో కూడా చలి దేశాలకు పోయే సిపాయిలకు ఉన్ని బట్టలే కుట్టాం. అయితే ఇంగ్లండునుంచి వచ్చే సీమ ఉన్ని ఖరీదైనదే కాక బిగువుగా, నున్నగా ఉంటుంది. మన కంబళి గుడ్డ వదులుగా ఉండి చప్పుడును మింగేస్తుంది. నేను కంబళి అన్నాను. రేంజరు గారు నవ్వారు, తర్వాత నవ్వు ఆపి ఆలోచించారు. గొర్రెల కాపరి గుడ్డ తొడుక్కుని పోతే అక్కడి జిల్లా ఆఫీసరు దొర ఏమనుకుంటాడో అన్నారు.

"మంచె మీద మీ పక్కన ఆ దొర వచ్చి కూర్చుంటాడా సార్?" అని అడిగాను. ఆయన లేచి కొలతలకు నిలబడ్డారు.

మడకశిర వైపు ఒక పల్లెలో కంబళ్లు నేసే పెద్దాయన ఉండేవాడు. గొర్రెపిల్లల మొదటి కత్తిరింపు ఉన్ని సన్నగా, మెత్తగా ఉంటుంది, దాంతో పలచగా నేసిపెట్టమని అడిగాను. ఎందుకని అడిగితే కోటు కుట్టడానికన్నాను. "కంబళితో కోటా సామీ? నీ తల చెడిపోయిందా ఏమి?" అన్నాడు. చెడిపోలేదని నమ్మించేసరికి చాలాసేపైంది. నల్ల ఉన్ని, గోధుమరంగు ఉన్ని కలిపి నేయమన్నాను. నిండు నలుపు మనిషి ఆకారాన్ని పట్టిస్తుంది. కలిసిన రంగయితే చెట్టు మాను పక్కన కూర్చున్న మనిషి మానులో కలిసిపోతాడు.

గుడ్డ వచ్చాక చేయవలసిన మొదటి పని దాన్ని కుదించడం. ఉన్ని గుడ్డను నీళ్లలో వేయకుండా కత్తిరించినవాడు మాస్టరు కాడు. ఒక రాత్రి నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేస్తే అది బెత్తెడు మేర దగ్గరకు వచ్చింది. మళ్లీ నానబెట్టాను. ఇక కుంచించుకోదని తేలాకే సుద్ద పట్టుకున్నాను.

కోటు మోకాలి పైదాకా ఉండాలి, చేతులు ఎత్తి తుపాకి గురిపెట్టినప్పుడు వెన్ను లాగకూడదు. అందుకని వీపున రెండు మడతలు వదిలాను. కంబళి మెడ దగ్గర గుచ్చుకుంటుంది. అక్కడ పాత పంచె గుడ్డ అస్తరు వేశాను. ఇత్తడి బొత్తాములు మెరుస్తాయి, తుపాకికి తగిలి మోగుతాయి. కొమ్ము బొత్తాములు పెట్టి, వాటి మీద గుడ్డ పట్టీ కప్పాను. జేబుల అడుగున కాజాల్లాంటి చిన్న కన్నాలు తీశాను, నీళ్లు నిలవకుండా. కిందికి పంట్లాం మాత్రం పలచటి నూలుదే. కాళ్లు ఎలాగూ నీళ్లలోనే ఉంటాయి, పలచటిదైతే నడుస్తుండగానే ఆరుతుంది. దాన్ని మోకాళ్ల దాకా లాక్కునే జలగ మేజోళ్లలో దోపుకోవాలి. సన్నగా, బిగువుగా నేసిన గుడ్డ సంచులు అవి. కుట్టుదారం నూలుదైతే తడికి కుళ్లిపోతుందని నేను చింతిస్తుంటే, చౌడప్ప ఇంటినుంచి పురి పెట్టిన పట్టుదారం తెచ్చిచ్చాడు. ఆ కోట్ల కుట్లన్నీ పట్టువే.

అక్కడ బట్టలుతికే చాకలికి కూడా రేంజరు గారిచేత కబురు పెట్టించాను. మా వైపు అధికారి కాకీ దుస్తులంటే గంజి పెట్టి నిలబెడితే నిలబడాలి. గంజి పెట్టిన గుడ్డ వానలో తడిస్తే జిగురు కారి, మర్నాటికి పులిసిన వాసన వేస్తుంది, బూజు పడుతుంది. ఈ జతలకు గంజి వద్దు, నీలిమందు వద్దు, ఇస్త్రీ వద్దు అని ఒకటికి రెండుసార్లు చెప్పాను.

దండులో మాకొక పద్ధతి ఉండేది. ఏ దుస్తులనైనా పూర్తిగా కుట్టక ముందు, పెద్ద పెద్ద దారపు కుట్లతో కచ్చాగా కలిపి, మనిషికి తొడిగి, అతను చేసే పని అతనిచేత చేయించి చూస్తాం. సిపాయి అయితే కవాతు చేయాలి, గుర్రపు సవారు అయితే గుర్రమెక్కాలి. మరి వాన అడవిని హిందూపురంలో ఎక్కడినుంచి తేను? చివరికి ఊరి బైట ఒక రైతు చెరుకు తోట గుర్తొచ్చింది. కపిల బావి కింద చెరుకు మనిషెత్తు దాటి పెరిగి, లోపలికి ఎండ దిగకుండా ఉంది. ఆ రైతు నన్ను చూసి, "ఏమప్పా మాస్టరూ, నా తోటలో పులి దూరిందని నీకెవురు చెప్పిరి?" అని వేళాకోళం చేశాడు. అయినా ఎద్దులు కట్టి కపిల తోలించి, కాలవకు నీళ్లు పెట్టించాడు.

రేంజరు గారు, చౌడప్ప కచ్చాకుట్టు కోట్లు తొడుక్కుని కాలవలో నిలబడి తల మీదినుంచి నీళ్లు పోయించుకున్నారు. తర్వాత తోటలోకి దూరారు. నేను గట్టు మీద కళ్లు మూసుకుని నిలబడ్డాను. అంతకుముందు డ్రిల్లు కోటుతో రేంజరు గారిని నడిపించి చూసినప్పుడు, ఆయన ఎక్కడున్నారో వేలు పెట్టి చూపించగలిగాను. కంబళితో నడిచినప్పుడు ఆకుల సవ్వడి తప్ప ఇంకేమీ వినిపించలేదు. చౌడప్ప అయితే సాలు వెంట తిరిగి, గట్టెక్కి, నా చెవి దగ్గరకొచ్చి, "ఈడుండా మాస్టరూ!" అని అరిచాడు. నేను ఎగిరిపడ్డాను. ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం. ఒళ్లంతా నీళ్లు కారుతున్నా చౌడప్ప ఆ కోటును లెక్కచేయలేదు, దాని చేతికే ముఖం తుడుచుకున్నాడు. నీడన కూర్చున్నాక వాళ్ల వీపుల మీద చేయి పెట్టి చూశాను. తడిగా ఉన్నా ఒళ్లు వెచ్చగానే ఉంది. నా పని సరిగ్గా కుదిరిందని తృప్తిగా ఇంటికి వచ్చాను.

ఆ తర్వాత కచ్చా విప్పి పక్కా కుట్టు వేశాను. మనసు పెట్టి వేశాను. కాజాలన్నీ చేత్తో తీశాను, మెడపట్టీ వంపు కుదిరేదాకా మూడుసార్లు విప్పి కుట్టాను. దొరల కోటుకు ఏమాత్రం తీసిపోకుండా కుట్టానని ఇప్పటికీ చెబుతాను. గార్డులకు సర్కారు ఇచ్చే కోట్లు ఎవరి కొలతలకూ కుట్టినవి కావు, మూటలుగా వస్తాయి, దొరికింది తొడుక్కోవాలి. తన ఒంటికి కొలిచి కుట్టిన బట్టను చౌడప్ప తొడుక్కోవడం అదే మొదటిసారి. నా దుకాణంలోని నిలువుటద్దం ముందు అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకున్నాడు. భుజాలు తడుముకున్నాడు.

"ఇది తొడుక్కోని ధర్మవరంలో రైలు దిగితే మా నాయన నాకే దండం పెడ్తాడు మాస్టరూ," అన్నాడు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో దాచుకోనక్కర్లేదు. మెచ్చుకోలు వినని దర్జీ ఎవడుంటాడు?

ప్రయాణానికి ముందు చౌడప్ప ధర్మవరం పోయి ఇంటివాళ్లకు చెప్పి, అక్కడే రైలెక్కాడు. రేంజరు గారు పెనుకొండలో ఎక్కారు. హిందూపురం స్టేషనులో బండి ఆగినప్పుడు వెళ్లి ఇద్దరినీ చూశాను. చౌడప్ప ఒంటి మీద సర్కారు డ్రిల్లు కోటే ఉంది. కంబళి కోటు మడత పెట్టి, తువ్వాలులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మే నెల ఉక్కలో కంబళి ఎవరు తొడుక్కుంటారని నేను దాన్ని గురించి ఆలోచించలేదు. బండి బెంగుళూరు వైపు కదిలింది.

ఆగస్టులో కబురు వచ్చింది, చౌడప్ప పోయాడని. పులి చేతిలో కాదు, రొమ్ము జబ్బుతో అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. ఆ కోటు ఒంటి మీదుంటే అలా జరగడానికి వీల్లేదు. గుడ్డ మోసం చేసిందా, కుట్టు విడిపోయిందా, చాకలి ఎవడైనా ఉడకబెట్టి కుదించేశాడా అని రాత్రింబగళ్లు అదే ఆలోచన. పనిలో కూర్చున్నా చేయి ఆడేది కాదు. రేంజరు గారు తిరిగొచ్చారని తెలియగానే పెనుకొండ వెళ్లాను.

ఆయన చిక్కిపోయారు కానీ ఆరోగ్యంగానే ఉన్నారు. నన్ను కూర్చోమని, అడక్కుండానే చెప్పారు. మాటు కాసినన్నాళ్లూ తన కోటు ఒంటి మీదినుంచి తీయలేదట. చౌడప్ప మాత్రం కంబళిని చంకన పెట్టుకుని డ్రిల్లు కోటుతో తిరిగేవాడట, అడిగితే చలి ఎక్కువైనప్పుడు తొడుక్కుంటాననేవాడట. ఒకరోజు పులి అడుగులు పట్టుకుని వాగు దాటారు. మనిషొక వైపు పోదామని విడిపోయారు. పైన కొండ మీద కుండపోతగా కురిసింది, వాగు ఒక్కసారిగా పొంగింది. ఈయన ఇవతలికి రాగలిగారు, చౌడప్ప అవతల ఉండిపోయాడు. ఆ రాత్రీ, మర్నాడు పొద్దూ ఎవరూ వాగు దాటలేకపోయారు. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే ఒక బండ కింద ఒదిగి కూర్చుని ఉన్నాడు. తడిసిన డ్రిల్లు కోటు విప్పి పక్కన పెట్టాడు, నడుము పైన ఒంటి మీద నూలుపోగు లేదు. పళ్లు కొట్టుకుంటున్నాయి. తూటాలు తడవకుండా ఇచ్చిన పెద్ద మైనపుగుడ్డ సంచి రొమ్ముకు హత్తుకుని ఉన్నాడు. సంచిలో తూటాలు లేవు. వాటిని తీసి బండ మీద పెట్టి, కోటు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఒక్క చుక్క పడకుండా పొడిగా ఉంది.

కోటు ఎందుకు తొడుక్కోలేదని రేంజరు గారు కేకలేశారట. "వాన నిలిచినంక తొడుక్కుందామని పెట్టుకుంటి సార్," అన్నాడట చౌడప్ప. ఆస్పత్రికి మోసుకుపోయారు. జ్వరం దిగలేదు. నాలుగో రోజు తెల్లవారుతుండగా పోయాడు.

పులిని ఆ తర్వాత రేంజరు గారే కొట్టారని ఎవరో చెప్పారు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. లోపలికి పోయి కోటు తెచ్చి నా చేతికిచ్చారు. ధర్మవరం వెళ్లి చౌడప్ప భార్యకు ఇవ్వాలి, ఒక్కడినే పోలేను, నువ్వు కూడా రా మాస్టరూ అన్నారు. కోటును తిప్పి తిప్పి చూశాను. ఒక్క కుట్టు కూడా కదలలేదు. మెడ లోపల, కొత్త బట్ట కట్టుకునే ముందు మనవాళ్లు పెట్టే పసుపు బొట్టు చెదరకుండా ఉంది. నేను బాగా కుట్టానన్న దానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు, అది చూసి నాకు ఏడుపొచ్చింది.

ధర్మవరంలో ఆ ఇల్లు ఒకే పెద్ద గది. సగం మగ్గానికి పోయింది. చౌడప్ప తండ్రి గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. పడుగు మీద సగం చీర ఉంది. భార్య రత్నమ్మ గోడవార కూర్చుని రాట్నం మీద పట్టు చుడుతోంది. మమ్మల్ని చూసి ఎవరూ గట్టిగా ఏడవలేదు. రేంజరు గారు జరిగినదంతా చెప్పారు, ఏదీ దాచలేదు. నేను కోటు ఆమె ఒళ్లో పెట్టాను. అప్పుడే పైన మబ్బు పట్టి, పెద్ద చినుకులు మొదలయ్యాయి.

ఇంటి కప్పు పాతది. ఒకచోట కారడం మొదలవగానే అందరూ మగ్గం వైపు పరుగెత్తారు. ముసలాయన భుజం మీది పైపంచ లాగి పడుగు మీద కప్పాడు. ఆయన చిన్నకొడుకు చొక్కా విప్పి దాని మీద వేశాడు. వాళ్ల వీపుల మీద నీళ్లు పడుతూనే ఉన్నాయి. పట్టు పడుగు మీద ఒక్క నీటిచుక్క పడితే మరక పోదు, ఆ చీరను ఎవరూ కొనరు. ఆ ఇళ్లలో పుట్టినవాళ్లకు వాన వస్తే ముందు గుడ్డ, తర్వాత ఒళ్లు. ఎవరూ నేర్పకుండానే వచ్చే అలవాటది. రేంజరు గారు నా వైపు చూశారు. అడవిలో ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

రత్నమ్మ మాత్రం లేవలేదు. ఒళ్లోని కోటు మీదికి వంగి, చినుకులన్నీ తన వీపు మీద పడేటట్టు కూర్చుంది. కాసేపటికి తను ఏం చేస్తోందో తనకే తెలిసింది కాబోలు, తలెత్తి నన్ను చూసింది.

"నేనే చెప్తిని అన్నా," అంది. "రైలు కదుల్తాంటే కిటికీ కాడ నిలబడి చెప్తిని. కొత్త కోటు, తడిపేవు, జాగర్త అంటిని. నువ్వు జాగర్త అన్లేదన్నా. కోటు జాగర్త అంటిని."

అప్పుడు ఏడ్చింది. మేమిద్దరం వాన నిలిచేదాకా అక్కడే నిలబడి, తర్వాత స్టేషనుకు నడిచాం.

తర్వాత నేను చాలా ఆలోచించాను. గుడ్డ ఎంపికలో పొరపాటు లేదు, అదే గుడ్డ రేంజరు గారిని బతికించింది. చెరుకు తోటలో అదే కంబళిని తొడుక్కుని చౌడప్ప నీళ్లలో ఆడుకున్నాడు, ఎందుకంటే అప్పుడు అది కచ్చాకుట్టు వేసిన ముతక గుడ్డ. చేత్తో కాజాలు తీసి, మెడ వంపు దిద్ది ఇచ్చాక అది అతనికి ఆస్తి అయింది. కోట్లు అలవాటున్న రేంజరు గారికి అది ఒక పనిముట్టే. జీవితంలో మొదటి మంచి బట్ట వచ్చినవాడు దాన్ని పనిలో పాడుచేసుకోడు. కొలతలు తీసుకునేటప్పుడు ఆ సంగతి టేపుకు అందదు.

నలభైల్లో, యుద్ధం నడుస్తున్న రోజుల్లో, రైల్వే గ్యాంగు కూలీలకు, తంతి లైన్ల మీద పనిచేసేవాళ్లకు, అడవి గార్డులకు వానకోట్లు చాలా కుట్టాను. కుట్టులో ఎక్కడా తగ్గించలేదు. కానీ వాటిలో ఏదీ కొత్తగా ఇవ్వలేదు. కుట్టడం అయిపోయాక నేల మీద ఈడ్చి, ఇటుకపొడి రాసి, మోచేతుల మీద కావాలనే రంగు కలవని అతుకులు వేసేవాణ్ని. కోటు తీసుకోవడానికి వచ్చిన మనిషిని పెరట్లోకి తీసుకుపోయి, తొడిగించి, నెత్తిన బిందెడు నీళ్లు కుమ్మరించేవాణ్ని. కొందరు తిట్టారు, కొందరు నాకు పిచ్చి అన్నారు. తడవడానికి కుట్టిన బట్ట మొదటిసారి నా కళ్లముందే తడవాలి. అప్పటిదాకా దాన్ని నేను ఇచ్చినట్టు కాదు.